రెండో కుండకు వయసెంత?

షామీర్‌పేట చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? ఒకప్పుడు నడిచేవాళ్ళు చెరువును చూసేవారు, కొంగల్ని చూసేవారు, ఎదురొచ్చిన మనిషిని "ఏం, బాగున్నారా?" అని పలకరించేవారు. ఇప్పుడు పది అడుగులకోసారి ఎవరి మణికట్టు వాళ్ళు చూసుకుంటున్నారు. చెరువు ఎండిందో నిండిందో కూడా తెలియకుండా ఇల్లు చేరుతున్నారు. అడుగులెన్నయ్యాయో మాత్రం కచ్చితంగా తెలుసు.

వాళ్ళను చూసి నవ్వుకునేదాన్ని, మా ఇంట్లోకే ఆ వస్తువు వచ్చేదాకా.

మా అత్తమ్మకు 68 ఏళ్ళు. షుగరుంది. రోజూ నడవమని డాక్టరు చెబితే, "ఇంట్ల తిరిగేది నడక కాదా?" అని ఆయన్నే ఎదురు ప్రశ్న వేసి వచ్చింది. మేం ఎంత పోరినా గడప దాటేది కాదు. అప్పుడు మా అబ్బాయి 3,000 రూపాయల లోపు ధరలో, అడుగులు లెక్కపెట్టే బ్యాండు ఒకటి తెప్పించి నాయనమ్మ చేతికి కట్టాడు. ఆవిడ దానికి "అడుగుల గడియారం" అని పేరు పెట్టుకుంది. అంతే! మర్నాటినుంచి మనిషి మారిపోయింది. సాయంత్రం కాగానే వాకిట్లో నిలబడి, "ఇయ్యాల నాలుగు వేల ఆరు వందలు!" అని ప్రకటించేది. వడ్డీ వసూలు చేసుకొచ్చిన షావుకారు గొంతులో కూడా అంత తృప్తి ఉండదు. మూడు నెలలకు షుగరు కాస్త దిగింది కూడా.

ఏడో నెలలో ఆ గడియారం కన్ను మూసింది. కంపెనీకి రాశాం. పదిరోజుల్లో దాని బదులు ఇంకొకటి పంపారు. మంచివాళ్ళే అనుకున్నాం. ఆ రెండోది ఆరు నెలలు తిరిగి అదీ కన్ను మూసింది. మళ్ళీ ఫోన్ చేశాను. అవతల కుర్రాడు ఎంతో మర్యాదగా, "మేడం, మీ వారంటీ పోయిన నెలతో అయిపోయింది" అన్నాడు.

"అదేమిటి నాయనా, ఇది మా ఇంటికొచ్చి ఆరు నెలలే కదా?"

"వస్తువు కొత్తదే మేడం. వారంటీ పాతది."

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. చచ్చిపోయిన మొదటి గడియారం వయసు ఏడు నెలలు. దాని స్థానంలో వచ్చినది ఆ ఏడు నెలల వయసుతోనే పుట్టిందట! అది మా ఇంట్లో బతికిన ఆరు నెలలూ దానికి కలిపితే పదమూడు. ఒప్పుకున్న ఏడాది దాటిపోయింది. లెక్క సరే, న్యాయం ఎక్కడుంది?

పట్టువదలకుండా సర్వీస్ సెంటరుకు పట్టుకెళితే అక్కడ ఇంకో చీటీ ఇచ్చారు. "లోపల తేమ చేరింది. వినియోగదారు అజాగ్రత్త. వారంటీ వర్తించదు." గడువు తీరిందన్న కారణం ఒకటి చెప్పాక తేమ ఊసు ఎందుకొచ్చిందో నాకు తెలియదు. ఒక కారణం మీద గట్టి నమ్మకం లేనప్పుడే కదా మనం రెండోది వెతుక్కునేది?

డబ్బు పోతే పోయిందనుకుందును. కానీ ఆ చీటీలో ఏముందో మనవడి చేత చదివించుకున్న అత్తమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "గిన్నెలు తోమేటప్పుడు తీయలేదు బిడ్డా. నేనే ఖరాబు చేసిన" అంది. మర్నాడు నడకకు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. నెల తిరిగేసరికి షుగరు మళ్ళీ పైకెక్కింది. బ్యాండు వచ్చిన డబ్బా తీసి చూస్తే, 50 మీటర్ల నీటి లోతుకు తట్టుకుంటుందని దాని మీద గర్వంగా అచ్చువేసి ఉంది. మా అత్తమ్మ గిన్నెలు తోమే తొట్టి లోతు జానెడు.

నా నవలల్లో అత్తల కోసం కంపెనీలతో తగాదాకు దిగిన కోడలు ఒక్కతీ లేదు. రాస్తే మీరు నమ్మరు కూడా. కానీ నాకు ఉక్రోషం వచ్చింది. చదివింది బి.ఏ. చరిత్ర కాబట్టి, కోపం వచ్చినప్పుడల్లా ఆ సంగతి ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళ్ళడం నాకు అలవాటు. అలా వెళితే రెండు కథలు దొరికాయి. ఒకటి అడుగుల కథ, రెండోది మాట కథ.

ముందు అడుగుల కథ చెబుతాను.

అడుగులు లెక్కపెట్టే యంత్రం ఈ కాలపు వింత అనుకుంటాం కానీ దానికి రెండు శతాబ్దాలు దాటిన వయసుంది. తరవాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, 1788లో, తన స్నేహితుడు జేమ్స్ మాడిసన్‌కు అలాంటి యంత్రం ఒకటి పంపాడు. జేబుకు ఎక్కడ చిల్లి పెట్టాలో, పట్టీని మోకాలి దగ్గర ఎలా తగిలించాలో కూడా ఉత్తరంలో తానే వివరంగా రాశాడు. వస్తువుతో పాటు దాన్ని వాడే తీరు కాగితం మీద పెట్టి ఇవ్వడం అప్పుడే ఉందన్నమాట.

మన దేశంలోని కథ ఇంతకన్నా గొప్పది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు సర్వేవాళ్ళకు టిబెట్ పటం కావలసి వచ్చింది. తెల్లవాళ్ళను అక్కడికి రానివ్వరు. అందుకని కుమావూ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన నైన్‌సింగ్ రావత్‌ను డెహ్రాడూన్‌లో తయారుచేశారు. ఎక్కుడులోనైనా దిగుడులోనైనా అడుగు ఒకే కొలతన పడేలా సాధన చేయించారు. చేతికి జపమాల ఇచ్చారు. జపమాలకు 108 పూసలుండాలి కదా, ఆ మాలకు 100 మాత్రమే. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అడుగులు, అంటే సుమారు 5 మైళ్ళు. చూసేవాళ్ళకు భక్తుడు జపం చేసుకుంటున్నట్టే ఉంటుంది. అలా 1865లో బయలుదేరి, 1866లో లాసా చేరి, ఆ దారి కొలిచి తెచ్చాడాయన. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

ఆ 10,000 అన్న అంకె తరవాత జపాన్‌లో మళ్ళీ కనిపిస్తుంది. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జనానికి వ్యాయామం మీద మనసు మళ్ళింది. ఆ మరుసటేడు, 1965లో, యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు "మన్‌పో‌కెయ్". మన్ అంటే పదివేలు, పో అంటే అడుగు, కెయ్ అంటే కొలిచేది. పేరు పలకడానికి బాగుంది, గుర్తుండడానికి బాగుంది. ఇవాళ మన మణికట్ల మీద మోగే పదివేల లక్ష్యం పుట్టింది ఈ వ్యాపార నామంలోనే. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీల అడుగులు లెక్కించి చూసింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభమేమీ కనిపించలేదు.

అంటే మా అత్తమ్మ నాలుగు వేల ఆరు వందలు ఉత్త మాట కాదన్నమాట. అది ఆగిపోవడమూ ఉత్త మాట కాదు.

ఇక రెండో కథ, మాట కథ.

మేడ్చల్‌లో మా అమ్మమ్మ ఇంటి వెనక వీధిలో కుమ్మరి ఇళ్ళుండేవి. ఇవాళ మేడ్చల్ రోడ్డంటే పెద్ద పెద్ద గోడౌన్లు, లారీలు గుర్తొస్తాయి గానీ, నా చిన్నతనంలో ఆ ఊరంటే నాకు ద్రాక్షతోటలూ, ఎండాకాలం కొత్త నీళ్ళకుండా గుర్తొచ్చేవి. అమ్మమ్మ కుండను వేలితో కొట్టి, ఖంగుమంటేనే తీసుకునేది. ఒక వేసవిలో తెచ్చిన కుండ కారింది. వెళ్ళి చెబితే కుమ్మరి తాత మాట్లాడకుండా ఇంకొకటి ఇచ్చాడు. రెండు వారాలకు అదీ కారింది. అమ్మమ్మకు మొహమాటం వేసింది. "ఇంకోపాలి అడుగుడు మంచిగుండదు, పైసలిస్తా" అంది. ఆయన నవ్వాడు.

"అట్లెందుకంటవు అవ్వా? కుండ నాది. మొదటిది కారినా నా తప్పే, రెండోది కారినా నా తప్పే. మొదటిదా రెండోదా అని నీళ్ళకేం ఎరుక?"

ఆ మూడో కుండ చాలా వేసవులు వచ్చింది. ఆయన వీధిలోనే ఉంటాడు, మేమూ ఆ వీధిలోనే ఉంటాం. మాట తప్పితే రేపు మొహమెలా చూపిస్తాడు? గ్యారంటీ కార్డు అవసరమే లేదు. మొహమే కార్డు.

వస్తువు చేసేవాడు ఒక ఊళ్ళో, వాడేవాడు ఇంకో ఊళ్ళో ఉండడం మొదలయ్యాక మాట కాగితమెక్కింది. మన తరం ఇళ్ళలో ఆ కాగితాన్ని మొదట తెచ్చింది చేతిగడియారమే అనుకుంటాను. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. సంస్థ జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో గడియారాలు చేయడం మొదలుపెట్టింది. 1980ల ఆరంభంలో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకో సహకారంతో ఆ రంగంలోకి దిగింది. అప్పటిదాకా ఆల్విన్ అంటే మనకు బస్సులూ, ఫ్రిజ్‌లే. మా నాన్న ఆల్విన్ గడియారం కొన్న రోజు, షాపతను కార్డు మీద తేదీ వేసి, దుకాణం ముద్ర గట్టిగా గుద్ది ఇచ్చాడు. ఆ కార్డును నాన్న ఇంటి పట్టాతో కలిపి ట్రంకుపెట్టెలో దాచాడు.  హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. కానీ ఆ కార్డులోని భాష మాత్రం బతికే ఉంది. మా అత్తమ్మకు తగిలింది ఆ భాషే.

ఎలాగంటారా? ఆ రోజుల్లో గడియారం ఆగిపోతే రిపేరు చేసేవారు. మూత తీసి, స్ప్రింగు మార్చి, మళ్ళీ మూసి ఇచ్చేవారు. స్ప్రింగు మారినంత మాత్రాన గడియారం కొత్తదైపోదు కదా! ఆ గడియారమే, ఆ తేదీయే. కాబట్టి "మిగిలిన కాలానికి మాత్రమే గ్యారంటీ" అనడంలో సబబుంది. ఎద్దుకు నాడా మారిస్తే ఎద్దు వయసు మారదు.

ఈ బ్యాండ్ల సంగతి వేరు. లోపలి బ్యాటరీతో సహా అన్నీ జిగురుతో అతికించి మూసేస్తారు. విప్పితే నీటిని ఆపే శక్తి పోతుంది. విప్పి బాగుచేసే కూలి కన్నా కొత్తది ఇవ్వడమే కంపెనీకి చవక. అందుకని రిపేరు మాట వదిలేసి మొత్తం వస్తువునే మార్చి ఇస్తారు. పాతదాంట్లో ఒక్క మరైనా, ఒక్క తీగైనా ఇందులో లేదు. మిగిలింది తేదీ ఒక్కటే! ఎద్దునే మార్చి ఇచ్చి, పాత ఎద్దు వయసు దీనికి రాయడమన్నమాట. పైగా ఇచ్చేది సరికొత్తదే అయి ఉండనక్కర్లేదు, ఎవరో తిప్పి పంపినదాన్ని బాగుచేసి ఇచ్చినా చెల్లుతుందని చాలా కార్డుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రిపేరు కాలంనాటి వాక్యాన్ని, రిపేరే లేని వస్తువుకు తగిలించారు. తగాదా అంతా అక్కడుంది.

కంపెనీ పక్షం కూడా చెప్పాలి కదా. మార్చిన ప్రతిసారీ ఏడాది మొదటినుంచి లెక్కపెడితే, ఒక్కసారి డబ్బిచ్చినవాడు జీవితాంతం కొత్తవి తీసుకుంటూనే ఉంటాడని వాళ్ళ భయం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. అందుకే కొన్ని కంపెనీలు మధ్యేమార్గం పట్టాయి. మార్చి ఇచ్చినదానికి పాత గడువులో మిగిలిన కాలమో, లేక 90 రోజులో, ఏది ఎక్కువైతే అది. మా కార్డులో ఆ 90 రోజులు కూడా లేవు.

ఇంతకీ "వారంటీ" అన్న మాటకు మన చట్టంలో ఉన్న అర్థం చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో రెండు మాటలున్నాయి. ఒకటి షరతు, రెండోది వారంటీ. అమ్మకానికి ప్రాణంలాంటిది షరతు. అది తప్పితే కొన్నవాడు వస్తువును తిప్పికొట్టవచ్చు. వారంటీ అన్నది పక్కవాటు మాట. అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గానీ, వస్తువును కాదనే హక్కు లేదు. మనం అంత గొప్పగా భద్రపరుచుకునే వారంటీ, చట్టం కళ్ళకు చిన్నచెల్లెలే! కొనేవాడే చూసుకుని కొనాలి అన్నది ఆనాటి మూలసూత్రం. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. కానీ కుండనైతే కొట్టి చూడొచ్చు, జిగురు వేసి మూసిన డబ్బాను దేనితో కొట్టి చూస్తాం?

ఈ సూత్రం మీద మొదట తిరగబడ్డవాళ్ళలో ఆడవాళ్ళున్నారని చెప్పుకోవడం నాకు ఇష్టం. 1966లో బొంబాయిలో కొందరు స్త్రీలు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీని స్థాపించారు. తూకాలూ, కల్తీలూ వంటింటి బాధలు కాబట్టి అవి వాళ్ళకే ముందు తెలిశాయి. అమెరికాలో 1975లో వారంటీల మీదే ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. ఇచ్చే హామీ పూర్తిదా, పరిమితమైనదా అన్నది కంపెనీ పైనే స్పష్టంగా రాయాలన్నారు. మన దేశంలో 1986 డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. కొన్నవాడు వకీలు లేకుండా నిలబడి మాట్లాడగల చోటు అప్పుడు ఏర్పడింది.

సరే, అడుగుల గడియారాల విషయంలో ఈ తగాదా ఎక్కడైనా తేలిందా? తేలింది, రెండుచోట్ల రెండురకాలుగా.

మొదటిది అమెరికాలో. జాబోన్ అనే కంపెనీ 2011 నవంబర్‌లో "అప్" అనే బ్యాండును విడుదల చేసింది. వారాలు తిరక్కుండానే అవి ఆగిపోవడం మొదలైంది. డిసెంబర్‌లో కంపెనీ చేతులెత్తేసి ఒక ప్రకటన చేసింది. కొన్నవాళ్ళెవరైనా సరే, కారణం చెప్పనక్కర్లేదు, వస్తువు తిప్పి ఇవ్వనక్కర్లేదు, డబ్బు మొత్తం వాపసు తీసుకోవచ్చు! మా కుమ్మరి తాత వింటే మెచ్చుకునేవాడు. కానీ 2017లో ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. కంపెనీయే పోయాక వారంటీ కార్డు పట్టుకుని ఎవరి తలుపు తడతాం?

రెండోది ఆస్ట్రేలియాలో. ఇది అచ్చంగా మా కేసే. ఈ బ్యాండ్లకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఫిట్‌బిట్, 2007లో అమెరికాలో మొదలై 2009లో తన మొదటి పరికరాన్ని అమ్మింది. వారంటీల గురించి కొన్నవాళ్ళకు చెబుతున్న మాటల విషయంలో 2018లోనే ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థకు అది ఒక హామీపత్రం రాసిచ్చింది. అయినా 2020 మే నుంచి 2022 ఫిబ్రవరి మధ్య 58 మందికి వాళ్ళ హక్కుల గురించి తప్పుగా చెప్పిందని కేసు నడిచింది. వాళ్ళలో 18 మందిది మా అత్తమ్మ కథే. మొదటిది చెడింది, మార్చి ఇచ్చారు. మార్చి ఇచ్చినదీ చెడింది. "మీ మొదటి వస్తువు రెండేళ్ళ గడువు అయిపోయింది, ఇంకొకటి ఇవ్వం" అన్నారు. 2023 డిసెంబర్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు 1 కోటి 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. మార్చి ఇచ్చిన వస్తువును కూడా అప్పుడే అమ్మిన వస్తువుగా భావించి, మొదటిదానికున్న హామీలన్నీ దానికీ వర్తింపజేయాలని ఆ దేశపు చట్టంలో విడిగా ఒక సెక్షనే ఉంది. అది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మొదటిదా రెండోదా అని నీళ్ళకేం ఎరుక? మేడ్చల్ కుమ్మరి నోట వచ్చిన మాట సముద్రాలవతల చట్టమై కూర్చుంది.

మన చట్టంలో అలా విడిగా ఒక వాక్యం లేదు. పైగా 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో, వారంటీలో చెడిన భాగం మార్చి ఇస్తామని ఉంటే కంపెనీ బాధ్యత ఆ భాగం వరకే, కారు మొత్తం మార్చనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కార్డు మీద ఏముందో అదే మాట. కానీ అది చక్రాలూ, గేర్లూ విప్పి మార్చగల కారు సంగతి. భాగాలే లేని మూసిన డబ్బాకు ఆ సూత్రం ఎంతవరకు అతుకుతుందన్నది అడగదగిన ప్రశ్న.

2019లో వచ్చి 2020 జూలై 20 నుంచి అమలవుతున్న కొత్త చట్టం మనకు కొన్ని ఆయుధాలిచ్చింది. వారంటీ పేరుతో జనాన్ని తప్పుదారి పట్టించే హామీ ఇవ్వడం అనుచిత వ్యాపారం. కంపెనీ స్వయంగా ఇచ్చిన హామీకి తగ్గట్టు వస్తువు లేక నష్టం జరిగితే, ఆ హామీ ఇవ్వడంలో అజాగ్రత్త లేదని తప్పించుకోవడానికి లేదు. 50 మీటర్ల లోతు అని డబ్బా మీద వేసినవాళ్ళు జానెడు తొట్టికి సమాధానం చెప్పాలి కదా? అయితే ఒక్కమాట, ఆ 50 మీటర్లన్నది మామూలు నీటితో పరీక్షించి చెప్పేది. సబ్బునీళ్ళూ వేణ్ణీళ్ళూ వేరని కంపెనీ వాదించవచ్చు. అప్పుడు వస్తువును ప్రయోగశాలకు పంపి తేల్చమని కమిషన్‌ను కోరవచ్చు. మామూలు ఫిర్యాదు మూడు నెలల్లోనూ, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లోనూ తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది.

ఇంకో మేలు కూడా ఉంది. వెనకటిలా కంపెనీ ఉన్నచోటికి వెళ్ళక్కర్లేదు, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. మాది ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. వస్తువుకు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. తగాదా మొదలైన రోజునుంచి రెండేళ్ళ గడువుంది. దీనికన్నా ముందు మెట్టుగా 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మొర పెట్టుకోవచ్చు. దేశమంతటికీ న్యాయవాదుల్ని తయారుచేసే నల్సార్ విశ్వవిద్యాలయం మా షామీర్‌పేటలోనే ఉంది. ఆ గేటు ముందునుంచి ఇన్నేళ్ళుగా నడుస్తున్నా, ఈ సంగతుల్లో ఒక్కటైనా నాకు తెలియదు. సిగ్గుపడాల్సిన మాటే.

నేను 1915కే ఫోన్ చేశాను. బిల్లు, మొదటి కార్డు, రెండోది వచ్చిన తేదీ ఉన్న చీటీ, డబ్బా ఫోటో అన్నీ పంపాను. అందరికీ ఇదే నా సలహా. మార్చి ఇచ్చినప్పుడు, ఆ ఇచ్చినదానికి హామీ ఎన్నాళ్ళో ఆ రోజే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మేం అడగలేదు. వస్తువు వచ్చిందన్న సంతోషంలో ఎవరూ అడగరు. వాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

ఈలోపల అత్తమ్మను మళ్ళీ ఎలా నడిపించడం? ఒక రాత్రి భోజనాలయ్యాక నైన్‌సింగ్ జపమాల కథ చెప్పాను. ఆవిడ విని ఏమీ అనలేదు. తెల్లారి చూస్తే కొంగున ఏదో ముడి వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. "ఏమిటత్తమ్మా?" అంటే ముడి విప్పి చూపించింది. చింతగింజలు! "నూరు అడుగులకు ఒక గింజ ఈ చేతిలకెళ్ళి ఆ చేతిలకు. నలభై నాలుగు గింజలు. ఆ అమెరికా బిడ్డ గంతే చాలన్నది గద?"

చెరువు కట్ట మీద అందరూ మణికట్లు చూసుకుంటుంటే, మా అత్తమ్మ గుప్పిట్లో చింతగింజలు మార్చుకుంటూ, ఎదురొచ్చినవాళ్ళను పలకరిస్తూ నడుస్తోంది. ఆ గింజలకు వారంటీ లేదు, చార్జింగు లేదు.

మూడు వారాలకు కంపెనీ నుంచి పార్సిల్ వచ్చింది. మూడో గడియారం! వెంట ఒక ఉత్తరం. మా మీద సద్భావంతో, ప్రత్యేక సందర్భంగా భావించి పంపుతున్నారట. తేమ మాటా లేదు, అజాగ్రత్త మాటా లేదు. నేను ఉత్తరంలో ఆ ముక్క కోసమే వెతికాను. అత్తమ్మ తప్పు లేదని ఒక్క వాక్యం రాస్తారేమోనని. లేదు. "సద్భావం" అన్న మాట ఎందుకు వాడారో ఆలోచిస్తే అర్థమైంది. దయతో ఇచ్చామంటే ఇవ్వడం మానుకునే హక్కు తమ దగ్గరే ఉంటుంది. హక్కుగా ఇచ్చామంటే రేపు పక్కింటావిడ కూడా వచ్చి అడుగుతుంది.

అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని వయసెంత బిడ్డా?"

వాళ్ళ లెక్కల్లో చూసి చెప్పాను. "కాగితం ప్రకారం ఇది పుట్టకముందే దీని గడువు తీరిపోయింది అత్తమ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. చాలా రోజుల తరవాత. "అయితే నా లెక్కనే అన్నట్టు, పెన్షన్ వయసుది" అని ఎడమచేతికి కట్టుకుంది. కొంగున ఉన్న చింతగింజల ముడి మాత్రం విప్పలేదు.

నేను కంపెనీకి మళ్ళీ రాశాను. వస్తువు అందింది, కృతజ్ఞతలు. రెండు వాక్యాలు మాత్రం బాకీ ఉన్నారు. రెండోది చెడడంలో మా అత్తమ్మ తప్పు లేదని ఒకటి. ఈ మూడోది ఎన్నాళ్ళు పనిచేస్తుందని మీరు మాట ఇస్తున్నారో ఇంకొకటి. జవాబు రాలేదు. తొందరేం లేదు. చట్టం నాకు రెండేళ్ళ గడువిచ్చింది. అందులో మూడు నెలలే అయ్యాయి.